మార్చి ఆటకి డిసెంబరు పరుగు

మెల్‌బోర్న్‌లో డిసెంబరు అంటే క్రికెట్ నెల. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, ఇక్కడివాళ్ళ మాటలో ఫుటీ, సెప్టెంబరు చివర్లో ఫైనల్ ఆడేసి సద్దుమణిగి ఉంటుంది. మళ్ళీ మార్చి దాకా పాయింట్ల పట్టికలో కదలిక ఉండదు. అయినా ఒక పొద్దున రిచ్‌మండ్ స్టేషన్‌లో దిగి, గాషెస్ ప్యాడక్ అనే మైదానం దాకా నడిచి చూడండి. టికెట్ లేదు, అడిగేవాళ్ళు లేరు, అది మామూలు పబ్లిక్ పార్కు. అక్కడ మెల్‌బోర్న్ క్లబ్బు కుర్రాళ్ళు చెమటలు కక్కుతూ పరుగెడుతుంటారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు గంటన్నర నిలబడ్డాను. బంతి కనిపించింది తక్కువ, పరుగులే ఎక్కువ. రెండు సంగతులు మాత్రం అర్థం కాలేదు. అందరూ కలిసి పరుగెత్తుతున్నప్పుడు వాళ్ళు చేరుకోవాల్సిన కోన్లు ఒకే గీత మీద ఎందుకు లేవు? ఆ గుంపుకి దూరంగా, మైదానం అంచు వెంబడి ఒకే ఒక్క ఆటగాడు ఎందుకు పరుగెత్తుతున్నాడు? ఈ రెండిటి వెనక ఉన్న శరీరశాస్త్రం కాస్త తెలిశాక, నిజం చెప్తున్నాను, నాకు మ్యాచ్‌ల కన్నా ఈ ప్రాక్టీసు చూడడమే ఎక్కువ ఇష్టమైపోయింది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, క్రికెట్ గ్రౌండే. పొడవు 135 నుంచి 185 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఒక్కో జట్టు నుంచి 18 మంది దిగుతారు. బంతి కూడా కోలగా ఉంటుంది, దాన్ని కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్దొచ్చు, చేత్తో పట్టుకుని పరుగెత్తొచ్చు, కాకపోతే 15 మీటర్లకోసారి నేలకి కొట్టి పట్టుకోవాలి. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 20 నిమిషాలని పేరే గానీ ఆగిన సమయం కలిపితే అరగంట పడుతుంది. ఈలోగా మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ 13 కిలోమీటర్ల దాకా పరుగెడతాడు. అదీ ఒకే వేగంతో కాదు, నడక, జాగింగ్, ఉన్నట్టుండి ప్రాణం పోయినట్టు స్ప్రింట్, మధ్యలో వంద కిలోలవాడొకడు వచ్చి గుద్దడం, లేచి మళ్ళీ పరుగు.

ఈ ఆట పుట్టిందే ఇలాంటి తయారీ కోసం. టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858 జూలైలో ఒక పత్రికకి ఉత్తరం రాశాడు, చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు మొద్దుబారకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకుందామని. మరుసటేడు మేలో, ఆయనతో కలిపి కొందరు కూర్చుని మెల్‌బోర్న్ క్లబ్బు రూల్స్ రాసుకున్నారు. అంటే క్రికెట్‌కి ఆఫ్‌సీజన్ వ్యాయామంగా మొదలైన ఆటకి, ఇప్పుడు క్రికెట్ సీజన్‌లోనే మూడు నాలుగు నెలల వ్యాయామం కావాల్సి వస్తోంది.

ఇక కోన్ల సంగతి. సీజన్‌కి ముందు సాగే ఈ శిక్షణ మొదట్లోనే ఆటగాళ్ళందరికీ టైమ్ ట్రయల్ పెడతారు, సాధారణంగా 2 కిలోమీటర్లు. గట్టివాళ్ళు 6 నిమిషాల దగ్గర ముగిస్తారు, బరువైన పొడుగువాళ్ళకి 7 పైన పడుతుంది. చూసేవాళ్ళకి అది పందెం. కోచ్‌లకి మాత్రం అది ఒక కొలత. శరీరం ఆక్సిజన్‌ని పూర్తి స్థాయిలో వాడుకుంటూ ఎంత వేగంగా పరుగెత్తగలదో దాదాపుగా ఈ పరుగులోనే తేలిపోతుంది. 6 నిమిషాల 40 సెకన్లలో ముగించినవాడి లెక్క చూడండి: 400 సెకన్లలో 2,000 మీటర్లు, అంటే సెకనుకి 5 మీటర్లు. ఇప్పుడు అతన్ని దీనికి 20 శాతం ఎక్కువ వేగంతో 15 సెకన్లు పరుగెత్తమంటారు, తర్వాత 15 సెకన్లు విశ్రాంతి, మళ్ళీ పరుగు. సెకనుకి 6 మీటర్లు, 15 సెకన్లకి 90 మీటర్లు. కాబట్టి అతని కోను 90 మీటర్ల దగ్గర ఉంటుంది. 6 నిమిషాల్లో ముగించినవాడి కోను 100 మీటర్ల దగ్గర, 7 నిమిషాలవాడిది 86 దగ్గర. దూరాలు వేరు గానీ, ముగ్గురి గుండెల మీదా పడే భారం దాదాపు ఒకటే. నేను మొదటిరోజు వెనకబడ్డాడనుకుని జాలిపడిన కుర్రాడు నిజానికి తన కోను దగ్గరికి సరిగ్గా టైముకే చేరుతున్నాడు.

ఈ 15 సెకన్ల లెక్కలో ఒక అందముంది. ఒక మనిషి తన ఆక్సిజన్ హద్దుని మించిన వేగంతో ఆపకుండా పరుగెత్తితే కాసేపటికే కుప్పకూలతాడు. అదే పనిని చిన్న ముక్కలుగా కోస్తే చాలాసేపు చేయగలడు. కండరంలో మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, రక్తంలో హిమోగ్లోబిన్‌కి చుట్టం లాంటిది, అది కొంచెం ఆక్సిజన్‌ని దాచిపెట్టుకుంటుంది. క్రియాటిన్ ఫాస్ఫేట్ అని ఇంకో చిన్న నిల్వ కూడా ఉంది. పరుగెత్తిన 15 సెకన్లలో ఈ రెండూ తరుగుతాయి, ఆగిన 15 సెకన్లలో మళ్ళీ కొంత నిండుతాయి. గుండె మాత్రం ఆగడం లేదు, అది పై అంచునే కొట్టుకుంటూ ఉంటుంది. మొత్తమ్మీద కాళ్ళు ఎక్కువసేపు నిలుస్తాయి, గుండెకి పూర్తి స్థాయి పని దొరుకుతుంది. ఫుటీ మ్యాచ్ కూడా పరుగు, ఆగడం, మళ్ళీ పరుగే కదా.

ఇదంతా చేయడానికి మూడు నాలుగు నెలలు ఎందుకు అని నాకు చాలాకాలం సందేహం ఉండేది. ఒక నెల గట్టిగా పరుగెత్తిస్తే దమ్ము వస్తుంది కదా? వస్తుంది, అక్కడే ప్రమాదం. శరీరంలో ఒక్కో భాగం ఒక్కో గడియారంతో నడుస్తుంది. రక్తంలో నీటిభాగం కొన్ని రోజుల్లోనే పెరుగుతుంది, కొట్టుకున్న ప్రతిసారీ గుండె ఎక్కువ రక్తం తోస్తుంది, మనిషికి వారంలోనే హుషారు వచ్చేస్తుంది. కండరంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు కొన్ని వారాల్లో పెరుగుతాయి. కండరాన్ని ఎముకకు తాడులా కట్టి ఉంచే టెండన్ గట్టిపడడానికి నెలలు కావాలి. అన్నిటికన్నా నిదానం ఎముక. ఎముక మీద కొత్త భారం పడితే అది నేరుగా గట్టిపడదు. ముందు కొన్ని కణాలు పాత ఎముకని తవ్వేస్తాయి, దానికి ఓ మూడు వారాలు. తర్వాత వేరే కణాలు వచ్చి ఆ గుంతని కొత్త ఎముకతో పూడ్చాలి, దానికి దాదాపు మూడు నెలలు. అంటే శిక్షణ మొదలెట్టిన కొన్ని వారాలకి, ఆటగాడు ఊపిరి బాగా ఆడి రెచ్చిపోయి పరుగెత్తాలనుకునే సరిగ్గా ఆ సమయానికి, అతని కాలి ఎముక మామూలు కన్నా కొంచెం బలహీనంగా ఉంటుంది. ఒత్తిడి వల్ల ఎముకలో సన్నటి పగుళ్ళు వచ్చేది ఇలాంటప్పుడే.

క్లబ్బులు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే రోజు నవంబరులో వస్తుంది, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఆ డ్రాఫ్ట్‌లో వచ్చే 18 ఏళ్ళ పిల్లల్ని తల్చుకుంటే నాకు అందుకే టెన్షన్. నిన్నటిదాకా స్కూలు, పరీక్షలు, ఇవాళ కోచ్ కళ్ళలో పడాలన్న తపన. ఇంకో నాలుగు రౌండ్లు చేస్తానంటాడు. ఎముకల గడియారం తెలిసిన కోచ్ వాడి భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చోబెడతాడు. బయటనుంచి చూసేవాళ్ళకి ఆ పిల్లాడు బద్ధకస్తుడిలా కనిపించొచ్చు.

ఈ ఆటలో అందరూ భయపడే మాట ఇంకొకటుంది, హ్యామ్‌స్ట్రింగ్. తొడ వెనక తుంటి నుంచి మోకాలి కిందిదాకా సాగే కండరాలు. ఫుటీలో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే గాయం ఇదే. 1992 నుంచి ఈ ఆట పెద్ద లీగ్ గాయాల లెక్కలు రాస్తూనే ఉంది, దాదాపు ఎప్పుడూ తొలి స్థానం దీనిదే. కారణం స్ప్రింట్‌లోనే ఉంది. పూర్తి వేగంలో కాలు ముందుకి విసిరినప్పుడు, పాదం నేలని తాకబోయే ముందు, మోకాలి కింది భాగం కొరడాలా ముందుకి దూసుకుపోతుంది. దానికి బ్రేక్ వేయాల్సింది ఈ కండరమే. బ్రేక్ వేస్తూనే సాగుతుంది, సాగుతూనే బిగుస్తుంది. తాడు లాగుడు పోటీలో వెనక్కి లాగుతూనే ముందుకి జారిపోతున్న మనిషి పరిస్థితి అది. చాలాసార్లు చిరిగేది ఆ క్షణంలోనే, ఆటగాడు తూటా తగిలినట్టు తొడ పట్టుకుని ఆగిపోతాడు.

దీనికి మందు కూడా అదే పని. సాగుతూ బిగుసుకోవడాన్ని కండరానికి మెల్లగా నేర్పాలి. నార్డిక్ అనే వ్యాయామం ఒకటుంది: మోకాళ్ళ మీద నిలబడాలి, చీలమండల్ని ఎవరో ఒకరు నొక్కి పట్టుకోవాలి, ఒంటిని చెక్కలా ఉంచి ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా ముందుకి వాలాలి. ఇంట్లో ప్రయత్నించకండి, నేను ప్రయత్నించి మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను. విచిత్రం ఏమిటంటే రెండోసారి అదే వ్యాయామం చేస్తే నొప్పి చాలా తక్కువ, కండరం ఒక్కసారికే పాఠం నేర్చుకుంటుంది. వారాల తరబడి చేస్తే కండరం తంతువులు పొడవవుతాయి, సాగినప్పుడు తట్టుకునే బలం పెరుగుతుంది. దీనితోపాటు ప్రతి వారం కొన్నిసార్లు పూర్తి వేగంతో స్ప్రింట్ చేయిస్తారు. గాయం భయంతో స్ప్రింట్లు ఆపేస్తే మార్చిలో మొదటి మ్యాచ్‌లోనే కండరానికి ఆ వేగం కొత్తగా తగులుతుంది, అది ఇంకా ప్రమాదం.

ఆటగాళ్ళ వీపు మీద, రెండు భుజపుటెముకల మధ్య చిన్న ఉబ్బు గమనించే ఉంటారు. లోపలి బనియన్ జేబులో జీపీఎస్ పరికరం. ఈ రంగంలో పేరున్న కాటాపుల్ట్ కంపెనీ మెల్‌బోర్న్‌లోనే 2006లో మొదలైంది. 20,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుని ఆటగాడు ఎక్కడున్నాడో, ఎంత వేగంలో ఉన్నాడో సెకనుకి పదిసార్లు లెక్కకడుతుంది. ఎంత పరుగెత్తాడు, అందులో ఎంత గట్టిగా పరుగెత్తాడు అన్నది అక్కడికక్కడే కోచ్ ట్యాబ్లెట్‌లో కనిపిస్తుంది. ఈ వారం భారాన్ని గత నాలుగు వారాల సగటుతో పోల్చి గాయం ముప్పు చెప్పే ఒక నిష్పత్తి, 2016లో క్రీడా శాస్త్రవేత్త టిమ్ గాబెట్ రాసిన వ్యాసం తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చింది. కొన్నేళ్ళకి ఫ్రాంకో ఇంపెలిజెరీ లాంటి పరిశోధకులు ఆ లెక్క పునాదులనే ప్రశ్నించారు. నా మట్టుకు నాకు వాళ్ళ వాదనే సబబనిపిస్తుంది. ఒక్క అంకె చూసి ఎవడి కండరం ఎప్పుడు చిరుగుతుందో చెప్పలేం. కానీ భారాన్ని ఒక్కసారిగా పెంచకూడదన్న అసలు మాట మాత్రం, ఎముకల గడియారం చూశాక, నిలిచే ఉంటుంది.

జనవరిలో ఎండలు వస్తాయి, మెల్‌బోర్న్‌లో కొన్ని రోజులు 40 డిగ్రీలు దాటుతాయి. మన బెజవాడ ఎండ తెలిసినవాళ్ళకి ఇది పెద్ద లెక్క కాదనిపిస్తుంది గానీ రెండిటికీ తేడా ఉంది. అక్కడ ఉక్కపోత, చెమట ఆరక కారిపోతుంది, కారిన చెమట ఒంటిని చల్లబరచదు. ఇక్కడ ఉత్తరం నుంచి ఎడారి గాలి వీస్తుంది, చెమట పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది, అది గొప్ప ఏర్పాటు. కానీ ఒంట్లో నీరు ఎంత పోయిందో మనిషికి తెలియదు, చర్మం పొడిగానే ఉంటుంది కాబట్టి. అందుకే ప్రాక్టీసుకి ముందూ తర్వాతా బరువు తూస్తారు, కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. ఈ ఎండలో రెండు వారాలు పనిచేస్తే శరీరం అలవాటు పడుతుంది. చెమట ముందుగానే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే పరుగుకి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది.

బంతి గురించి చెప్పకపోతే అన్యాయం. ఇక్కడివాళ్ళు ఎక్కువగా తన్నేది డ్రాప్ పంట్. బంతిని నిలువుగా వదిలి, అది నేల చేరేలోపే తన్నితే, అది మొగ్గలేస్తూ వెనక్కి తిరుగుతూ వెళ్తుంది. ఆ తిరుగుడే దాన్ని పక్కకి ఒరగకుండా నిలబెడుతుంది, అందుకోవడం తేలిక. చేతిలోంచి అర మీటరు కిందికి రావడానికి పట్టేది 0.3 సెకను, పాదం దాన్ని తాకి ఉండేది సెకనులో నూరోవంతు. వదలడంలో బంతి కాస్త వాలిందా, ఇంక దిద్దుకునే వ్యవధి లేదు. కాళ్ళు పీకుతున్నప్పుడు, పరుగుల చివర్లో ఈ తన్నుడు సాధన చేయిస్తారు. అలసటలో ముందు చెడేది ఆ వదలడమే.

ఇక అంచున ఒంటరిగా పరుగెత్తిన కుర్రాడు. నా పక్కన నోటుబుక్కులో ఎవరు ఏ గుంపులో ఉన్నారో రాసుకుంటున్న ఒకావిడని అడిగితే, అతనికి కిందటి సీజన్‌లో హ్యామ్‌స్ట్రింగ్ పోయిందని చెప్పింది. ఒకసారి చిరిగినవాళ్ళకి మళ్ళీ చిరిగే అవకాశం ఎక్కువ, అందుకే ఫిజియో పక్కనే ఉంటాడు, అందుకే వేగం మీటరు మీటరుగా పెంచుతారు. తర్వాతి వారాల్లో వెళ్ళినప్పుడల్లా నేను గుంపుని వదిలి అతన్నే చూసేవాణ్ణి. మొదట వంపుల్లో నడిచేవాడు, తిన్నటి చోట్ల పరుగెత్తేవాడు. జనవరిలో వంపుల్లో కూడా పరుగు. ఓ రోజు మైదానం పొడవునా ఒక్క స్ప్రింట్ చేసి, ఆగి, తొడ వెనక తడిమి చూసుకుని, ఫిజియో వైపు బొటనవేలు ఎత్తాడు. ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి అంచున ఎవరూ లేరు. కాసేపు వెతికితే గుంపులో కనిపించాడు, 86 మీటర్ల కోను దగ్గర, నడుం మీద చేతులేసుకుని రొప్పుతూ, తర్వాతి విజిల్ కోసం చూస్తూ.