కారు ఎత్తు మారితే చక్రం వాలుతుందా? అలైన్‌మెంట్ బేలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మొన్న ఒకాయన సెడాన్ తీసుకొచ్చాడండి, ముందు టైర్లు రెండూ బయటి అంచున గుండు గీసినట్టు నున్నగా అయిపోయాయి, లోపలి సగం మాత్రం నిన్న కొన్నట్టే ఉంది. వేయించి ఏడు నెలలు కూడా కాలేదంట. టైరు కంపెనీవాడు నాసిరకం అంటగట్టాడు, వాడి సంగతి చూడాలి అంటున్నాడు. నేను వంగి లోపలికి టార్చి కొట్టి చూస్తే దొంగ అక్కడే కూర్చుని ఉన్నాడు, స్ప్రింగు చుట్ల మధ్య దూర్చిన రబ్బరు ముక్కలు. ఎవరో స్పీడ్ బ్రేకర్లకి కింద తగలకుండా ఎత్తు పెంచి పెట్టారంట, ముప్పై మిల్లీమీటర్ల దాకా లేచింది. "ఎత్తు పెంచితే టైరుకేం సంబంధం అన్నా?" అన్నాడు. సంబంధం ఉంది, కానీ ఎత్తుతో కాదు, ఆ ఎత్తు ఎక్కడ పెంచాం అన్నదాంతో. విజయవాడ ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లుగా చక్రాల కోణాలు సరిచేసే ఈ అలైన్‌మెంట్ పనే, రోజుకి ఒకరికైనా ఇదే చెప్తుంటాను, ఈసారి రాసిపెడదాం అనిపించింది.

ముందు ఒక్క మాట తెలియనివాళ్ల కోసం. కారు ఎదురుగా నిలబడి చక్రాన్ని చూడండి, నిటారుగా ఉంటే క్యాంబర్ సున్నా, పైభాగం కారు లోపలికి ఒరిగితే నెగెటివ్, బయటికి ఒరిగితే పాజిటివ్. చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలు సున్నాకి అటూ ఇటూ ఒక డిగ్రీ లోపే ఉండాలి. నెగెటివ్ ఎక్కువైతే టైరు లోపలి అంచు తింటుంది, పాజిటివ్ ఎక్కువైతే బయటి అంచు.

అపోహ: కారు ఎత్తు పెరిగితే క్యాంబర్ మారి తీరుతుంది.

అన్నిసార్లూ కాదు. టైరు సైజు పెంచి ఎత్తు పెంచారనుకోండి, 165/80 ఆర్14 తీసేసి 175/80 ఆర్14 వేశారు, కారు సుమారు 8 మి.మీ. లేస్తుంది, క్యాంబర్ వెంట్రుకవాసి కూడా కదలదు. ఎందుకంటే చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ ఏ కోణంలో ఉందో ఆ కోణంలోనే ఉంది, మొత్తం కారే పీట మీద నిలబెట్టినట్టు లేచింది. స్పీడోమీటర్ రెండున్నర శాతం తక్కువ చూపిస్తుంది, అది వేరే గొడవ.

అదే స్ప్రింగు ముట్టుకుంటే కథ మారిపోతుంది. మన రోడ్ల మీద తిరిగే స్విఫ్ట్, ఐ20, వ్యాగనార్ లాంటివాటిలో ముందు వైపు ఉండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబ్జారూ కలిపి నిలబెట్టిన కాలు, ఫోర్డ్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ పేరు మీద 1950ల మొదట్లో కాన్సుల్, జెఫిర్ కార్లతో ఊరూరా పాకిన డిజైను. ఇందులో పై ఆర్మ్ ఉండదు. పైన స్ట్రట్ మౌంట్ బాడీకి బిగించి ఉంటుంది, కింద బాల్ జాయింట్ అనే గుండు కీలు లోయర్ ఆర్మ్ చివర ఉంటుంది, చక్రం ఎంత ఒరగాలో ఈ రెండు బిందువుల మధ్య గీతే నిర్ణయిస్తుంది. స్ట్రట్ పైభాగం ఎప్పుడూ కాస్త లోపలికే వాలి ఉంటుంది, పన్నెండు పదమూడు డిగ్రీలు అనుకోండి. కారు కిందకి దిగితే రెండు బిందువుల మధ్య దూరం తగ్గి ఆ గీత ఇంకా పడుకుంటుంది, అంటే నెగెటివ్. కారు లేస్తే గీత నిటారు అవుతుంది, పైగా ఆర్మ్ కిందకి వేలాడి బాల్ జాయింట్‌ని కూడా లోపలికి లాక్కుంటుంది, అంటే పాజిటివ్.

నేనోసారి పేపరు మీద గీసి లెక్కేశాను, ఆర్మ్ 350 మి.మీ., బాల్ జాయింట్ నుంచి పైమౌంట్ ఎత్తు 600, ఆర్మ్ బయటి చివర ఐదు డిగ్రీలు కిందకి వాలి ఉంది అనుకుని. మీ కారు కొలతలు వేరే ఉంటాయి గానీ పోకడ ఇదే. కారుని 30 మి.మీ. దించితే క్యాంబర్ ముప్పావు డిగ్రీ నెగెటివ్‌కి పోయింది. అదే స్ప్రింగు దగ్గర 30 మి.మీ. లేపితే దాదాపు 0.9 డిగ్రీ పాజిటివ్‌కి పోయింది. చూశారా, దించినదానికంటే లేపినదే ఎక్కువ మార్చింది. అందరూ దించిన కార్ల గురించే భయపడతారు, మన దగ్గర బేలోకి వచ్చేవాటిలో లేపినవే ఎక్కువ, ఎందుకంటే మన స్పీడ్ బ్రేకర్లు అలాంటివి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గుండ్రటి హంప్ అంటే 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, మన వీధిలో వేసేవి రాత్రికి రాత్రి మిగిలిపోయిన కాంక్రీటు కుప్ప పోసినట్టుంటాయి. 163 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న స్విఫ్ట్ నిండా జనంతో దాని మీదకెళ్తే కింద గీసుకోక ఏమవుద్ది. జనాన్ని అనలేం కూడా.

ఇంకో తమాషా ఉంది, ఇది మెకానిక్కుల్లో కూడా చాలామంది గమనించరు. అదే 30 మి.మీ. ఎత్తుని స్ప్రింగులో రబ్బరుతో కాకుండా, స్ట్రట్ మౌంట్‌కీ బాడీకీ మధ్య స్పేసర్ పెట్టి పెంచితే క్యాంబర్ 0.4 డిగ్రీ దగ్గరే ఆగుతుంది. స్పేసర్ పెడితే స్ట్రట్ పొడవు మారదు, పై బిందువే బాడీ నుంచి కిందకి దిగుతుంది, ఇక మిగిలేది ఆర్మ్ లోపలికి లాగే లాగుడు ఒక్కటే. ఒకే కారు, ఒకే ఎత్తు, రెండు రకాల క్యాంబర్. అందుకే ఎవరైనా ఫోన్ చేసి "కారు ఇంచీ లేపాను, క్యాంబర్ ఎంత మారుద్ది" అంటే దేంతో లేపావు అని అడక్కుండా నేను జవాబు చెప్పను. అలాగని స్పేసర్ మంచిదని కాదు, చక్రాన్ని తిప్పే యాక్సిల్ జాయింట్ కోణం రెండింటిలోనూ పెరుగుతుంది, స్పేసర్‌తో చక్రం మామూలుకంటే ఇంకా కిందకి వేలాడుతుంది కాబట్టి గుంటలో పడ్డప్పుడు జాయింట్ మీద ఇంకా భారం.

అపోహ: ఎంత దించితే అంత నెగెటివ్ వస్తుంది.

ఇది కుర్రాళ్ల అపోహ, స్ప్రింగు కోయించుకుని వచ్చేవాళ్లది. పైన చెప్పిన లెక్కలోనే మొదటి 30కి ముప్పావు డిగ్రీ వచ్చిందా, రెండో 30కి అర డిగ్రీ పైన కాస్త, మూడో 30కి మూడో వంతు డిగ్రీ, నాలుగో 30కి దాదాపు ఏమీ లేదు. ఆర్మ్‌కీ స్ట్రట్‌కీ మధ్య కోణం సరిగ్గా తొంభై అయ్యేదాకా నెగెటివ్ పెరుగుతుంది, ఆ హద్దు దాటాక వెనక్కి తిరిగి పాజిటివ్ వైపు నడక మొదలెడుతుంది. బాగా దించిన కారు మలుపులో ఒరిగినప్పుడు బయటి చక్రం ఇంకా లోపలికి నొక్కుకుపోతుంది కదా, సరిగ్గా పట్టు కావాల్సిన చోట క్యాంబర్ సాయం రాదు. పట్టు కోసం దించామనేవాళ్లకి ఇది చెప్తే మొహం అదోలా పెడతారు.

అపోహ: వెనక చక్రాలకీ ఇదే లెక్క.

మన చిన్న కార్లలో వెనక ఎక్కువగా టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాల్నీ కలిపే, మెలి తిరగగల దూలం. రెండు చక్రాలూ ఒకేసారి లేచినా దిగినా క్యాంబర్ దాదాపు అలాగే ఉంటుంది. ఇన్నోవా క్రిస్టా, ఫార్చూనర్ లాంటివాటికి వెనక నిండు యాక్సిల్, అక్కడైతే ఎత్తు ఎంత మార్చినా యాక్సిల్ వంగితే తప్ప క్యాంబర్ మారదు, లారీ ముందు యాక్సిల్ కూడా అంతే. అదే ఎక్స్‌యూవీ700 లాంటి, వెనక ఒక్కో చక్రాన్నీ విడిగా కొన్ని కడ్డీలు పట్టుకునే మల్టీలింక్ ఉన్న బండ్లలో దించితే వెనక చక్రాలు కూడా ఒరుగుతాయి. దీనికి పూర్తి ఉల్టా చూడాలంటే మిలిటరీ వాళ్ల టాట్రా లారీ ఖాళీగా వెళ్తున్నప్పుడు చూడండి, చక్రాలు పైన బయటికి, కింద లోపలికి వంకరగా కనిపిస్తాయి, లోడెక్కితే నిటారుగా నిలబడతాయి. చెడిపోయి కాదు, దాని సగం యాక్సిళ్లు రెక్కల్లా ఊగేలా చేసిన డిజైనే అది. చిన్నప్పుడు కాన్వాయ్ చూసి నేను కూడా పాపం యాక్సిల్ విరిగిందనుకున్నా.

ఇన్నోవా క్రిస్టా ముందు వైపు డబుల్ విష్‌బోన్, అక్కడ పై ఆర్మ్ పొట్టి, కింద ఆర్మ్ పొడుగు, కాబట్టి దిగితే పైభాగం ఎక్కువగా లోపలికి లాగబడి నెగెటివ్, లేస్తే పాజిటివ్. పాత టాటా సుమోల్లో స్ప్రింగు బదులు మెలి తిరిగే కడ్డీ, టోర్షన్ బార్, దాని బోల్టు బిగించి ముందు భాగం లేపడం ఒకప్పుడు మామూలు పని, పావుగంటలో అయిపోయేది, ఆ తర్వాత అలైన్‌మెంట్ ఎవరూ చేయించేవారు కాదు, టైర్లు బయటి వైపు తినేస్తుంటే రోడ్డుని తిట్టుకునేవారు.

అపోహ: షాకబ్జార్లు పోతే కారు కిందకి దిగుతుంది.

బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జార్ పని ఊగుడు ఆపడం. ఆయిల్ కారిపోయినా కారు ఎత్తు కనిపించేంత తగ్గదు. ఒక పక్క దిగితే స్ప్రింగు కూర్చుండిపోయిందనో, చుట్టు విరిగిందనో చూడండి. కాకపోతే షాకబ్జార్ మార్చినప్పుడు క్యాంబర్ మారే అవకాశం మాత్రం ఉంది, ఎత్తు వల్ల కాదు, చక్రాన్ని మోసే నకిల్‌కి స్ట్రట్‌ని బిగించే రెండు బోల్టుల రంధ్రాల్లో కొంచెం ఆట ఉంటుంది కాబట్టి. బిగించేటప్పుడు చక్రం ఎటు తోసి బిగించారో అటే ఉండిపోతుంది.

మలుపులో ఒరుగుడు తగ్గించే కడ్డీకి కలిపే లింక్ రాడ్ మార్చాను క్యాంబర్ చూడండి అని వస్తారు, దానికీ దీనికీ సంబంధం లేదండి. బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ లోపలి చివర ఉండే రబ్బరు కీలు), వీల్ బేరింగ్, స్ట్రట్ మౌంట్, వీటిలో లూజు ఉంటే మాత్రం రీడింగ్ తీయడమే దండగ, బండి కదిలించిన ప్రతిసారీ వేరే అంకె వస్తుంది. గుంటలో గట్టిగా పడ్డ తర్వాత ఒక్క పక్కే క్యాంబర్ మారిందంటే నకిలో, స్ట్రట్టో, ఆర్మో ఏదో ఒకటి వంగిందనే లెక్క. రెండు పక్కలకీ తేడా అర డిగ్రీ దాటితే బండి పాజిటివ్ ఎక్కువ ఉన్న వైపు లాగుతుంది, స్టీరింగ్ వదిలితే తెలిసిపోతుంది.

బుష్ దగ్గర ఒక మాట చెప్పి తీరాలి. కారుని లిఫ్ట్ మీద పెట్టి, చక్రాలు వేలాడుతుండగానే లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు ఫుల్లుగా టైట్ చేసేస్తారు చాలామంది. రబ్బరు ఆ వేలాడే కోణంలోనే ఫిక్స్ అయిపోతుంది, కారు నేల మీదకి దిగాక రోజంతా మెలి తిరిగే ఉంటుంది, కారు కొంచెం ఎత్తుగా నిలబడుతుంది, కొన్ని నెలల్లో బుష్ చీలిపోతుంది, మళ్లీ నాసిరకం పార్టు అని పార్టు మీద పడతాం. బోల్టు పట్టించి వదిలి, బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. ఐదు నిమిషాల పని, ఎవడూ చేయడు.

ఇక అసలు పెద్ద అపోహ, టైరు ఒక పక్క తింటే అది క్యాంబరే అని. క్యాంబర్‌కంటే టో పెద్ద దొంగ. టో అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉందన్నది. ఎత్తు మారినప్పుడు లోయర్ ఆర్మ్ ఒక చాపంలో, స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే టై రాడ్ ఇంకో చాపంలో తిరుగుతాయి, రెండూ కలవవు కాబట్టి చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరుగుతుంది, ఎటన్నది బండిని బట్టి ఉంటుంది. టైరు వ్యాసం 600 మి.మీ. అనుకుంటే, ఒక్కో చక్రం కేవలం ఒకటిన్నర మి.మీ. తిరిగినా ప్రతి కిలోమీటరుకీ ఆ టైరుని రెండున్నర మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు. వెయ్యి కిలోమీటర్లకి లెక్కేసుకోండి. అరిగిన టైరు మీద చెయ్యి అడ్డంగా రాసి చూడండి, ఒక వైపు నున్నగా, తిరిగి రాస్తే రంపంలా గుచ్చుకుంటే అది టో. మొదట చెప్పిన సెడాన్‌కి క్యాంబర్ ఎడమ 1.1, కుడి 0.9 పాజిటివ్, దానికి తోడు టో కూడా లోపలికి తిరిగిపోయింది, రెండూ కలిసి బయటి అంచుని ఏడు నెలల్లో ఆరగించాయి. రబ్బర్లు పీకేసి బండి కాస్త నడిపించి తెస్తే క్యాంబర్ దానంతటదే సున్నా దగ్గరకొచ్చింది, టో ఒక్కటే సెట్ చేశాను. కొత్త టైర్ల ఖర్చు మాత్రం తప్పలేదు పాపం.

"అలైన్‌మెంట్ చేయించా కదా, క్యాంబర్ కూడా సెట్ అయిపోయుంటది" అనుకుంటారు. అవదు. మామూలు చిన్న కార్లలో అలైన్‌మెంట్ అంటే ముందు టో మాత్రమే, క్యాంబర్ స్క్రీన్ మీద కనిపిస్తుంది గానీ తిప్పడానికి నట్టు ఉండదు. ఇన్నోవాలో లోయర్ ఆర్మ్ దగ్గర క్యామ్ బోల్టులు ఉంటాయి, తిప్పితే మారుతుంది. మారుతీల్లో నకిల్ దగ్గర క్యాంబర్ బోల్టు వేసి ఒక డిగ్రీ పైన సర్దుకోవచ్చు. పోలోలో స్ట్రట్ నకిల్ లోపలికి దిగి ఒక్క బోల్టుతో బిగుసుకుంటుంది, అక్కడ క్యాంబర్ బోల్టు పప్పులుడకవు, లోయర్ ఆర్ములు బిగించి ఉండే కింది చట్రం, సబ్‌ఫ్రేమ్, లూజు చేసి జరుపుకోవాల్సిందే, ఒక పక్కకి ఇస్తే రెండో పక్క తగ్గుతుంది.

కొన్ని చోట్ల హైడ్రాలిక్ జాకీ బిగించి స్ట్రట్‌నే వంచేస్తారు, స్క్రీన్ మీద పచ్చరంగు రాగానే బిల్లు. నాకు అస్సలు పడదు ఈ పద్ధతి. గొట్టం వంగితే లోపల రాడ్ ఒరుసుకుని సీల్ పోతుంది, పైగా అసలు వంగిన పార్టు ఏదో అది అలాగే ఉంటుంది. మీరు చేయించుకునేటప్పుడు ప్రింటవుట్‌లో చేయకముందు, చేశాక రెండు రీడింగులూ అడగండి, క్యాంబర్ అంకె మారి ఉంటే ఏ పార్టు దగ్గర మార్చారో అడగండి.

వచ్చే ముందు గాలి సరిగ్గా పెట్టించండి, డిక్కీ ఖాళీ చేయండి. వెనక బరువు పడితే ముందు లేస్తుంది, నేను చూసేది మీ రోజువారీ ఎత్తు కాకుండా పోతుంది. పోయిన నెల ఒకాయన బండికి సెన్సర్లన్నీ బిగించి రీడింగ్ తీసి టో సెట్ చేశాక, డిక్కీలోంచి రెండు బియ్యం బస్తాలు, ఒక మామిడికాయల గంప బయటపడ్డాయి, అత్తగారింట్లో దింపాల్సినవంట. దింపించి మళ్లీ మొదటి నుంచి చేశాను. కాయలు మాత్రం నాలుగు ఇచ్చాడు.