వివక్ష నిరోధక చట్టం: విడివిడిగా దక్కిన రక్షణ, కలవడానికి పడిన పాట్లు

ఇప్పుడు రాజ్యాంగంలో పదిహేనో అధికరణంగా ఉన్న నిబంధన 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో చర్చకు వచ్చింది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల దగ్గర కులం, మతం, లింగం, పుట్టిన చోటు పేరిట ఎవరినీ అడ్డుకోరాదన్నది దాని సారం. దుకాణం అంటే సరుకులమ్మే చోటేనా, సేవలందించే చోట్లు కూడా అందులోకి వస్తాయా అని సభ్యులు అడిగారు. సేవలందించే ప్రతి ఒక్కరూ దాని పరిధిలోకి వస్తారని, లోపలికి రానిస్తే సరిపోదని, షరతులు ఒప్పుకున్నవారికి సేవ కూడా అందించాల్సిందేనని అంబేద్కర్ బదులిచ్చారు. అంటరానితనాన్ని రద్దు చేసిన అధికరణాన్ని సభ అదే రోజు ఆమోదించింది. ప్రభుత్వం చేసే వివక్షతో పాటు సాటి పౌరుడు చేసే వివక్షనూ అడ్డుకోవాలన్న ఆలోచన ఆనాడే ఉన్నా, దాన్ని అమలు చేసే సమగ్ర చట్టం మాత్రం పార్లమెంటు నుంచి నేటికీ రాలేదు. దాని స్థానంలో ఒక్కో సమూహానికి ఒక్కో చట్టం, అదీ ఆ సమూహం వీధికెక్కాకే వచ్చింది.

మొదటిది 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం. శిక్షలు తేలిక కావడం, కేసులు రాజీలతో ముగియడం వల్ల దాన్ని 1976లో సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చారు. హత్య, దహనం, సామూహిక దాడి వంటి ఘోరాలకు అదీ చాలదని తేల్చిన ఘటనల్లో కారంచేడు ఒకటి. దళితుల మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడగడాన్ని ప్రశ్నించినందుకు మొదలైన గొడవ, తెల్లారేసరికి, అంటే 1985 జులై 17న, ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది. చెరువు అన్న మాట రాజ్యాంగంలో చేరి అప్పటికి ముప్పై అయిదేళ్ళు దాటింది. బాధితులు ఊరు వదిలి చీరాలకు చేరి శిబిరం వేసుకున్నారు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని బొజ్జా తారకం వదులుకున్నారు. ఆయన, కత్తి పద్మారావు తదితరుల నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. పౌరహక్కుల సంఘాలు, వామపక్ష కార్యకర్తలు తోడు నిలిచారు. ఇలాంటి ఉద్యమాల ఒత్తిడి మీదే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు, విచారణ ఆ ఊళ్ళోనే జరగాలని బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును అక్కడికే రప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు దోషులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది.

ఒక్కో సమూహానికి విడిగా చేసే చట్టంలో, జాబితాలో లేనివారు బయటే మిగిలిపోతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దాదాపుగా హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. ఆ తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం, ఇస్లాం స్వీకరించిన దళితులకు చోటు దక్కలేదు. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పడానికి మూలం ఈ ఉత్తర్వే. దూషించేవాడు కులాన్ని మాత్రమే చూస్తాడు, చట్టం మతాన్ని కూడా చూస్తుంది. కోస్తా జిల్లాల మాల, మాదిగ పల్లెల్లో ఎన్ని చర్చిలున్నాయో తెలిసినవారికి ఇది చిన్న లోపంగా కనిపించదు.

వికలాంగులది మరో దారి. 1990లలో ఢిల్లీ వీధుల్లో ఆందోళన చేసి 1995లో ఒక చట్టాన్ని, మళ్ళీ ఏళ్ళ తరబడి పోరాడి 2016లో మెరుగైన చట్టాన్ని సాధించారు. గుర్తించిన వైకల్యాల సంఖ్య దాంతో ఏడు నుంచి ఇరవై ఒకటికి పెరిగింది.

ట్రాన్స్‌జెండర్లను చట్టం మొదట నేరస్థులుగానే గుర్తించింది. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, వచ్చిన నపుంసకుల చట్టం హైదరాబాదులో వారి పేర్లు, చిరునామాలతో రిజిస్టరు పెట్టమంది. ఆడవారి దుస్తుల్లో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేసి రెండేళ్ళ దాకా జైల్లో పెట్టొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో! ఈలోగా 2014లో సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో లింగ గుర్తింపును ఎవరికి వారు నిర్ణయించుకునే హక్కుగా ప్రకటించింది. సభ్యుడు తిరుచ్చి శివ సొంతంగా ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. ప్రభుత్వం తెచ్చిన బిల్లు మాత్రం ఎవరు ట్రాన్స్‌జెండరో తేల్చే స్క్రీనింగు కమిటీని, భిక్షాటనకు శిక్షను చేర్చడంతో ట్రాన్స్‌జెండర్లు దేశమంతటా వీధుల్లోకి వచ్చారు. ఆ రెండు అంశాలూ తొలగిపోయి 2019లో చట్టమైంది.

ఈ ముక్కల మధ్య ఖాళీలు ఎలా ఉంటాయో తెలియాలంటే అద్దె ఇల్లు వెతుక్కుంటే చాలు. ‘మీరేమిట్లు?’ అని కులం అడిగి తలుపు మూసిన యజమాని మీద, అంటరానితనం కారణమని నిరూపించగలిగితే ఎస్సీ వ్యక్తి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద కేసు పెట్టొచ్చు. హెచ్ఐవీ ఉన్నవారికి 2017 చట్టం ఉంది. 2019 చట్టం ట్రాన్స్‌జెండర్లకు ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది కానీ, శిక్షల సెక్షనులో దాని ఊసెత్తలేదు. ముస్లిం కాబట్టి ఇల్లివ్వనంటే, ఒంటరి మహిళ కాబట్టి కుదరదంటే, అడగడానికి కేంద్ర చట్టమేదీ లేదు. 2005లో అహ్మదాబాదులోని ఒక పార్శీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకునే బైలాను సుప్రీంకోర్టు సమర్థించింది.

మరుసటి ఏడాదే ముస్లింల స్థితిగతులపై సచార్ కమిటీ నివేదిక ఇస్తూ, వివక్షకు గురైన ఎవరైనా ఫిర్యాదు చేయగల సమానావకాశాల కమిషన్ కావాలంది. బ్రిటన్ 1976 జాతి సంబంధాల చట్టాన్ని ఉదాహరణగా చూపింది. న్యాయవిద్యావేత్త ఎన్.ఆర్. మాధవ మీనన్ బృందం 2008లో ముసాయిదా కూడా సిద్ధం చేసింది. అది అన్ని సమూహాలకూ ఉద్దేశించినదే. మంత్రుల చేతుల్లో నలిగి నలిగి చివరికి మైనారిటీలకే పరిమితమైన కమిషన్ స్థాయికి కుదించుకుపోయింది, అదీ ఏర్పడలేదు.

2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య తర్వాత, ప్రాంగణాల వివక్షపై ‘రోహిత్ చట్టం’ కోరుతూ దళిత, బహుజన, ముస్లిం విద్యార్థి సంఘాలు ఒక్క వేదిక మీదికి వచ్చాయి. అదే కాలంలో కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ తెచ్చిన ప్రైవేటు బిల్లు కులం, మతం, వైకల్యం, లైంగికత మొదలు చర్మపు రంగు, ఆహారపు అలవాటు వరకు ఒకే జాబితాలో చేర్చింది. 2019లో లోక్‌సభ గడువుతోనే దాని కథ ముగిసింది.

ఒకే చట్టం అనగానే అందరూ ఏకమవుతారని అనుకోవడం అమాయకత్వం. అత్యాచారాల నిరోధక చట్టానికున్న పదును సాధారణ చట్టంలో మొద్దుబారుతుందన్న దళిత సంఘాల అనుమానం నిరాధారం కాదు. బ్రిటన్ తన 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చేందుకు వీలు పెట్టుకుంది, 2013లో చేర్చి తీరాలని పార్లమెంటు నిర్దేశించింది, 2018లో ప్రభుత్వం అవసరం లేదని చేతులు దులుపుకుంది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన అలాంటి బిల్లును అదే ఏడాది అక్టోబరులో గవర్నరు, ఉన్న చట్టాలే చాలునంటూ వీటో చేశారు. ఆ వాదనలో అక్కడి తెలుగువారు రెండు వైపులా ఉన్నారు.

అయితే మిత్రపక్షాలు లేకుండా నెగ్గిన కేసు అరుదు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 మీద ఢిల్లీ హైకోర్టులో మహిళా, బాలల హక్కుల సంఘాలు కలిసి కక్షిదారులుగా చేరాయి. సుప్రీంకోర్టులో స్వలింగ సంపర్కుల తల్లిదండ్రులు తమ పేర్లతో ముందుకొచ్చారు. 2018 సెప్టెంబరు 6న సమ్మతితో కూడిన సంబంధాలు నేరం కాదని తీర్పు వచ్చింది. ఆ తీర్పుతో పోలీసు భయం తగ్గింది. ఉద్యోగంలో, అద్దె ఇంట్లో వివక్ష జరిగితే ఎటు వెళ్ళాలన్నది మాత్రం తేలలేదు. రోహిత్ పేరుతో 2025లో కర్ణాటకలో తయారైన ముసాయిదా కూడా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులను, ఉన్నత విద్యను ఉద్దేశించిందే.