పైకా, కిందికా? తీగల ముందు బెలూన్

హాట్ ఎయిర్ బెలూన్ నడిపే పైలట్లు కరెంటు తీగల కోసం వెతకరు, స్తంభాల కోసం వెతుకుతారు. పొలాల మధ్య రెండు స్తంభాలు కనిపించాయంటే, వాటి నడుమ తీగ కంటికి ఆనకపోయినా ఉన్నట్టే లెక్క. రోడ్డు ఉంటే దాని పక్కన లైను ఉంటుందనుకోవాలి. దూరంగా ఒంటరి ఇల్లు కనిపిస్తే, ఎటునుంచో ఒక తీగ దానిదాకా వచ్చే ఉంటుందనుకోవాలి. తీగ లేదని రూఢి అయ్యేదాకా ఉందనే నమ్మడం ఈ విద్యలో గట్టిగా నూరిపోసే పాఠం.

నేల మీద నిలబడి చూసేవారికి ఇంత అనుమానం అవసరమా అనిపిస్తుంది. తల ఎత్తితే చాలు, తీగలు నల్లటి గీతల్లా కనిపిస్తూనే ఉంటాయి కదా! నిజమే, కానీ అది ఆకాశం చేసే సాయం. రెండు చుక్కలను విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య డిగ్రీలో 60వ వంతు కోణమైనా ఉండాలని మన కంటి షరతు. ఒంటరి నల్లగీత వెలుతురు నిండిన ఆకాశానికి అడ్డంగా ఉంటే మాత్రం ఆ షరతు సడలిపోతుంది. అంతకన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉన్నా కన్ను దాన్ని పట్టేస్తుంది. బెలూన్ బుట్టలో ఉన్న మనిషి తీగను పైనుంచి చూస్తాడు. అప్పుడు దాని వెనుక ఆకాశం ఉండదు. దున్నిన చేలు, పొదలు, పొడవాటి నీడలు ఉంటాయి. 2 సెంటీమీటర్ల మందం ఉన్న తీగ 200 మీటర్ల దూరం నుంచి చూస్తే డిగ్రీలో 180వ వంతు కోణం మాత్రమే చేస్తుంది. రంగురంగుల నేల మీద ఆ మాత్రం గీత ఇట్టే కలిసిపోతుంది. పైగా గాలి నెమ్మదిగా ఉంటుందని బెలూన్లను ఎక్కువగా తెల్లవారగానే ఎగరేస్తారు. ఆ వేళ సూర్యుడు కళ్లలోకే కొడుతుంటాడు.

1783లో పారిస్ మీదుగా ఇద్దరు మనుషులు తొలిసారి వేడిగాలి బుడగలో స్వేచ్ఛగా ఎగిరినప్పుడు ఈ బెడద లేదు. ఎదురవడానికి అప్పటికి తీగలే లేవు. ప్రొపేన్ బర్నర్ బిగించిన ఆధునిక బెలూన్‌ను ఎడ్ యోస్ట్ 1960 అక్టోబర్ 22న అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఎగరేసేనాటికి కరెంటు తీగలు ఊళ్లన్నిటినీ అల్లేశాయి. ఎగిరే తీరు మాత్రం పెద్దగా మారలేదు. బెలూన్‌కు చుక్కాని లేదు, బ్రేకు లేదు. గాలి ఎటు తోస్తే అటు పోవాల్సిందే. పైలట్ చేతిలో ఉన్నవి రెండే పనులు: మంట పెంచి పైకి లేవడం, బుడగ పైకొనలోని మూత తెరిచి వేడిగాలిని వదిలి కిందికి దిగడం. ఎత్తు మారితే గాలి దిశ కూడా కొంత మారవచ్చు కాబట్టి, ఆ తేడాతోనే నేర్పుగా దారి వెతుక్కుంటారు.

ఇక తీగ ఎదురైందనుకుందాం. మంట పెంచి దాని మీదుగా దాటిపోదామని ఎవరికైనా తోస్తుంది. చాలామంది ప్రాణాలు తీసింది ఆ తోచడమే. ఎందుకో అర్థం కావాలంటే చిన్న లెక్క వేయాలి.

సుమారు పది మందిని మోసే బెలూన్ బుడగలో దాదాపు 6,000 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. బయటి గాలి ఘనపు మీటరుకు దాదాపు 1.2 కిలోల బరువుంటే, 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిన గాలి 0.95 కిలోలు ఉంటుంది. ఆ పావు కిలో తేడాయే బెలూన్‌ను మోసేది. మొత్తం మీద అది సుమారు 1,500 కిలోలు. గాలికి బరువేమిటని మనం అనుకుంటాం గానీ, లోపల ఉన్న వేడిగాలే ఐదున్నర టన్నుల పైమాట! బుట్ట, మనుషులు, సిలిండర్లు, బట్ట కలిపితే మొత్తం ఏడు టన్నులు. బెలూన్ కదలాలంటే ఈ ఏడు టన్నులూ కదలాలి.

లోపలి గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే పెరిగే ఎత్తుడు బలం సుమారు 15 కిలోలు. పైలట్ బర్నర్ తెరిచిన మరుక్షణమే ఏడు డిగ్రీలు పెరిగిందని ఉదారంగా ఒప్పుకుందాం. అంటే దాదాపు 100 కిలోల అదనపు బలం. ఏడు టన్నుల మీద అది కలిగించే త్వరణం సెకను సెకనుకు 0.14 మీటర్లు. పది సెకన్లలో బెలూన్ లేచేది 7 మీటర్లు. ఈలోగా సెకనుకు 4 మీటర్ల పిల్లగాలి దాన్ని 40 మీటర్లు ముందుకు తోసేస్తుంది. నిజానికి ఏడు డిగ్రీలు ఒక్క క్షణంలో పెరగవు. పైగా బుడగ తనతోపాటు చుట్టూ ఉన్న గాలిని కూడా పక్కకు నెట్టుకుంటూ లేవాలి. కాబట్టి అసలు సంఖ్య 7 కన్నా తక్కువే. ఆ కాస్త ఎత్తు బుడగను తీగల పైకి తెస్తుంది గానీ, దాని కింద వేలాడే బుట్టను సరిగ్గా తీగల మట్టానికి తెచ్చి పెడుతుంది.

2012 జనవరి 7న న్యూజిలాండ్‌లోని కార్టర్టన్ దగ్గర జరిగింది ఇదే. పొద్దున్నే బయలుదేరిన బెలూన్ 33,000 వోల్టుల లైను వైపు కొట్టుకుపోయింది. పైలట్ బర్నర్ పెంచి పైకి లేపబోయాడు. బుట్ట తీగల్లో చిక్కుకుంది. విద్యుత్ మెరుపు గ్యాసును అంటించింది. ఇద్దరు ప్రయాణికులు దూకేశారు. కాసేపటికి బెలూన్ తీగలను వదిలించుకుని మంటలతోనే పైకి లేచి, బుడగ కాలిపోయాక నేలకూలింది. పైలట్‌తో సహా 11 మందిలో ఒక్కరూ మిగల్లేదు. తాకిడి తప్పదని తేలినప్పుడు గాలిని ఒక్కసారిగా వదిలేసి కిందికి దిగాల్సిందని విచారణ సంఘం తేల్చింది. పైలట్ రక్తంలో గంజాయి ఆనవాళ్లు కూడా దొరికాయి.

ఇక్కడ ఒక అనుమానం సహజం. కాకి తీగ మీద హాయిగా కూర్చుంటుంది. నేలను తాకకుండా గాలిలో వేలాడే బెలూన్‌కు షాక్ ఎందుకు కొట్టాలి? కాకి కూర్చునేది ఒకే తీగ మీద. దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజీ తేడా దాదాపు ఉండదు. లైనులో సాధారణంగా మూడు ఫేజుల తీగలు ఉంటాయి. 33,000 వోల్టులు అనేది ఏ రెండు తీగల మధ్యనైనా ఉండే తేడా. బుట్ట చూడటానికి వెదురు, బెత్తం అల్లినట్టు ఉన్నా దాని బరువును మోసేది ఉక్కు తీగలు. బుడగను బుట్టకు కలిపేవి కూడా ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలు తీగలే. నెత్తిన బర్నర్ చట్రం, మూలల్లో లోహపు సిలిండర్లు. ఇవన్నీ కలిసి ఒక ఫేజు నుంచి మరో ఫేజుకు, లేదా ఫేజు నుంచి స్తంభానికి వంతెన వేస్తాయి. అప్పుడు పుట్టే మెరుపు వేడి వేల డిగ్రీలు. 1,400 డిగ్రీల చుట్టుపక్కల కరిగే స్టీలు దాని ముందు నిలవదు.

ఆ మెరుపు రెండు విధాలుగా చంపుతుంది. మొదటిది కార్టర్టన్‌లో చూసిన మంట. సిలిండర్‌లో ద్రవంగా ఉన్న ప్రొపేన్ బయటపడితే దాదాపు 270 రెట్లు పరిమాణం గల వాయువవుతుంది. చిన్న చిల్లు చాలు. రెండోది బుట్ట తెగిపోవడం. 2021 జూన్ 26న అమెరికాలోని ఆల్బకర్కీలో తీగలను తాకిన బెలూన్ నుంచి బుట్ట విడిపోయి నడివీధిలో పడింది. ఐదుగురు చనిపోయారు. బరువు వదిలిన బుడగ తన దారిన తాను తేలుతూ పోయింది. ఊళ్లో వేల ఇళ్లకు కరెంటు పోయింది.

అందుకే తాకిడి తప్పనప్పుడు పైలట్లు పాటించాల్సిన వరుస వేరు. బర్నర్ ఆర్పాలి, గ్యాసు కవాటాలు మూయాలి, మూత పూర్తిగా తెరవాలి. నేలను గట్టిగా గుద్దుకున్నా ఫరవాలేదు, కాళ్లు విరిగితే అతుక్కుంటాయి. వేడిగాలి గుప్పున పోతే బలం పదుల కిలోల్లో కాదు, వందల కిలోల్లో తగ్గుతుంది. అందుకే దిగడం లేవడం కన్నా చాలా వేగంగా సాగుతుంది. నేలను చేరకముందే తీగ తగిలినా, తగిలేది బుడగ బట్టకే. నైలాన్ కరెంటును అంత తేలిగ్గా పోనివ్వదు. మనుషులు, గ్యాసు, ఉక్కు అన్నీ తీగల కింద ఉండిపోతాయి. ఈ వరుసను కాగితం మీద చదవడం సులువు. కళ్ల ముందు తీగ పెరుగుతుండగా ఉన్న ఒక్క ఆసరానూ, అంటే మంటనూ, ఆర్పేయడానికి చేయి రావాలంటే ఎన్నోసార్లు సాధన చేసి ఉండాలి.

చేయి తప్పు చేయకముందే బుర్ర తప్పు చేసే సందర్భాలూ ఉన్నాయి. 2016 జూలై 30న టెక్సాస్‌లోని లాక్‌హార్ట్ దగ్గర ఒక బెలూన్ హైటెన్షన్ తీగలను ఢీకొని 16 మంది చనిపోయారు. అమెరికా బెలూన్ ప్రమాదాల్లో ఇంతటిది మరొకటి లేదు. పొగమంచు, కిందికి దిగిన మబ్బులు ఉన్నా ఎగరడం, ఆగకపోవడం పైలట్ పదేపదే చేసిన తప్పు నిర్ణయాలని విచారణ చెప్పింది. అతనికున్న ఆరోగ్య సమస్యలు, వాడుతున్న మందులు ఆ నిర్ణయాలను దెబ్బతీశాయంది. విమాన పైలట్లకు అవసరమైన వైద్య ధ్రువపత్రం అప్పట్లో బెలూన్ పైలట్లకు అక్కర్లేదు. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకునేవారికి అది తప్పనిసరి చేయాలని 2018లో చట్టం వచ్చింది, నియమం ఖరారైంది 2022లో. ప్రమాదానికి, నియమానికి మధ్య ఆరేళ్లు!

తీగల్లో చిక్కుకుని వేలాడుతున్న బుట్టలో మంట లేకపోతే ఏం చేయాలి? దూకకూడదు. బరువు తగ్గిన బుడగ మిగిలినవారిని మరింత ఎత్తుకు లాగవచ్చు. నేల మీద ఉన్నవారు వేలాడే తాడును పట్టుకోకూడదు, దగ్గరకే రాకూడదు. షార్ట్ సర్క్యూట్‌తో లైనులో కరెంటు ఆగిపోయి అంతా నిశ్శబ్దంగా ఉన్నా నమ్మకూడదు. పిడుగులు, ఊగే కొమ్మల వల్ల కలిగే అంతరాయాలు క్షణికమైనవి కాబట్టి, కొన్ని సెకన్లు ఆగి కరెంటును తానంతట తానే తిరిగి ఇచ్చే యంత్రాలు చాలా లైన్లకు ఉంటాయి. ఒకసారి కాకపోతే మరోసారి ప్రయత్నిస్తాయి. తగిలింది కొమ్మో, మనుషులున్న బుట్టో ఆ యంత్రానికి తెలియదు. లైను పూర్తిగా ఆపేశామని విద్యుత్ సంస్థ నుంచి కబురు వచ్చేదాకా బుట్టలో ఉన్నవారు లోహాన్ని దేన్నీ ముట్టుకోకుండా అలాగే కూర్చోవాలి.