తారీఖు ముద్ర వేయించుకోవడం ఎలాగంటే

విజయనగరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

గజపతినగరం వైపు ఊళ్లు తిరిగి తప్పెటగుళ్ల పాటలు రాసుకొచ్చారు, టైపు కొట్టి పీడీఎఫ్ చేశారు, బాగుంది. పోటీకి పంపే ముందు "ఇది ఫలానా రోజుకే మా దగ్గర ఉంది" అని రుజువు చూపించడం ఎలా అని అడిగారు. ఫైలు మీద కనిపించే తేదీ చాలదా అని కూడా అడిగారు. చాలదు. మన కంప్యూటర్లో ఉన్న ఉబుంటు (లినక్స్)లో టచ్ అనే కమాండు ఒకటుంది. దానికి -డీ అని చేర్చి 2001 జనవరి 1 అని ఇస్తే, నిన్న రాత్రి తయారైన ఫైలు కూడా మీరు పుట్టకముందుదైపోతుంది. కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పడం అంతకన్నా తేలిక. మన చేతిలో ఉన్న గడియారం మన తరఫున సాక్ష్యం చెబితే ఎవరు నమ్ముతారర్రా?

అందుకే సాక్షి బయటివాడై ఉండాలి. టైమ్‌స్టాంప్ సర్వర్ చేసే పని అదే. అంటించిన కవరు మీద పోస్టాఫీసు వాళ్లు లోపల ఏముందో చూడకుండా తేదీ ముద్ర వేస్తారు కదా, ఇదీ అలాంటిదే. మీ పీడీఎఫ్ సర్వర్‌కి వెళ్లదు. దాని హాష్, అంటే ఫైల్లోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి సంఖ్య, అది మాత్రమే వెళ్తుంది. ఎస్‌హెచ్‌ఏ256 హాష్ అంటే 32 బైట్లు, రాస్తే 64 అక్షరాలు. సర్వర్ దానికి తన గడియారంలోని సమయం చేర్చి, సంతకం చేసి వెనక్కి పంపుతుంది. ఈ అడగడానికీ చెప్పడానికీ ఒక ఒప్పందం ఉంది. దాని పేరు ఆర్‌ఎఫ్‌సీ 3161, 2001 ఆగస్టులో వచ్చింది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

కావలసినవి రెండే ప్రోగ్రాములు: హాష్, సంతకాల పని చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, సర్వర్‌కి ఫైలు పంపి జవాబు తెచ్చే కర్ల్. ఉబుంటులో మొదటిది ఉండనే ఉంటుంది, రెండోది లేకపోతే వేసుకోవచ్చు. విండోస్ అయితే గిట్ ఫర్ విండోస్ వేసుకుని, దాంతోపాటు వచ్చే గిట్ బాష్ కిటికీలో పని చెయ్యండి. విండోస్ సొంత కమాండు కిటికీ పవర్‌షెల్ జోలికి పోకండి, ఎందుకో తర్వాత చెబుతాను. కమాండ్లు కింద తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషులో కొట్టాలి, నేను చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

ముందు అడిగే కాగితం తయారు చేసుకోవాలి:

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టీఎస్ -క్వెరీ -డేటా పాటలు.పీడీఎఫ్ -ఎస్‌హెచ్‌ఏ256 -సర్ట్ -అవుట్ పాటలు.టీఎస్‌క్యూ

వచ్చిన .టీఎస్‌క్యూ ఫైలు వంద బైట్లు కూడా ఉండదు. అంత చిన్నదేమిటని కంగారు పడకండి, అందులో ఉన్నది హాష్, దానితో నాన్స్ అనే ఓ యాదృచ్ఛిక సంఖ్య, అంతే. ఎవరైనా పాత జవాబు తెచ్చి మీ చేతిలో పెట్టకుండా కాపాడేది ఆ నాన్సే. దాన్ని తీసెయ్యమనే -నో_నాన్స్ ఆప్షన్ చాలా చోట్ల ఉదాహరణల్లో కనిపిస్తుంది, మీరు మాత్రం వాడొద్దు. ఎస్‌హెచ్‌ఏ256 అని విడిగా ఎందుకు చెప్పాలంటే, పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఏమీ చెప్పకపోతే ఎస్‌హెచ్‌ఏ1 తీసుకుంటుంది. అది ఎప్పుడో బలహీనపడిపోయింది.

తర్వాత పంపడం:

కర్ల్ -హెచ్ "కంటెంట్-టైప్: అప్లికేషన్/టైమ్‌స్టాంప్-క్వెరీ" --డేటా-బైనరీ "@పాటలు.టీఎస్‌క్యూ" -ఓ పాటలు.టీఎస్‌ఆర్ హెచ్‌టీటీపీఎస్://ఫ్రీటీఎస్‌ఏ.ఆర్గ్/టీఎస్‌ఆర్

తప్పులన్నీ ఈ ఒక్క వరసలోనే జరుగుతాయి. హెచ్ పెద్దక్షరం కావాలి, చిన్నది కొడితే కర్ల్ తన సహాయం పేజీ చూపించి ఊరుకుంటుంది. ఓ మాత్రం చిన్నదే. కంటెంట్-టైప్ మాట తప్పితే సర్వర్‌కి మీరేం అడుగుతున్నారో తెలియదు. ముద్ర బదులు ఏదో వెబ్ పేజీ పంపొచ్చు, అది బుద్ధిగా .టీఎస్‌ఆర్ పేరుతోనే సేవ్ అయిపోతుంది. అందుకని ఫైలు వచ్చింది కదా అని సంబరపడిపోకండి. ఇక --డేటా-బైనరీ బదులు ఉత్త --డేటా అని రాస్తే, కర్ల్ ఫైల్లోని కొత్త లైను బైట్లను తీసేస్తుంది. మీ హాష్‌లో అలాంటి బైటు ఉన్నరోజు పాడవుతుంది, లేనిరోజు పనిచేస్తుంది. ఒకసారి పనిచేసి ఇంకోసారి చెయ్యని ఇలాంటి తప్పు పట్టుకోవడం మహా కష్టం.

పవర్‌షెల్ వద్దన్నది కూడా ఇందుకే. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్‌లో కర్ల్ అని కొడితే అసలు కర్ల్ కాకుండా వేరే కమాండు నడుస్తుంది. పైగా > గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తే, అది బైట్లను అక్షరాలనుకుని మార్చేస్తుంది.

జవాబు వచ్చాక చదవండి:

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టీఎస్ -రిప్లై -ఇన్ పాటలు.టీఎస్‌ఆర్ -టెక్స్ట్

స్టేటస్ దగ్గర గ్రాంటెడ్ అని ఉండాలి. కిందికి వస్తే టైమ్ స్టాంప్ అని ఒక వరస, ఇలాగుంటుంది: జనవరి 14 04:42:10 2025 జీఎంటీ. తెల్లవారుజామున ఎవరు చేశారని ఆశ్చర్యపోకండి. అది గ్రీన్‌విచ్ సమయం, అయిదున్నర గంటలు కలుపుకోండి, సంక్రాంతి రోజు ఉదయం 10:12 అవుతుంది. దీనిలో ఒక మెలిక ఉంది. 15వ తేదీ తెల్లవారుజామున మూడింటికి ముద్ర వేయిస్తే, కాగితం మీద 14వ తేదీ రాత్రి 21:30 అని పడుతుంది. గడువు తేదీ దగ్గర ఇది గుర్తుండాలి. పోటీ వాళ్లకి చూపించేటప్పుడు మన సమయం కూడా పక్కన రాసి ఇవ్వండి.

ఇప్పుడు అసలైన పరీక్ష. మనకి ముద్ర వేసిన ఉచిత సర్వర్ ఫ్రీటీఎస్‌ఏ సైట్లో, దాని సంతకం అసలుదేనా అని సరిచూడ్డానికి రెండు సర్టిఫికెట్ ఫైళ్లుంటాయి, సీఏసర్ట్.పీఈఎం, టీఎస్‌ఏ.సీఆర్‌టీ. ముద్ర వేయించిన రోజే దించి పెట్టుకోండి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టీఎస్ -వెరిఫై -డేటా పాటలు.పీడీఎఫ్ -ఇన్ పాటలు.టీఎస్‌ఆర్ -సీఏఫైల్ సీఏసర్ట్.పీఈఎం -అన్‌ట్రస్టెడ్ టీఎస్‌ఏ.సీఆర్‌టీ

సీఏఫైల్‌లో మొదటి రెండక్షరాలూ పెద్దవి. వెరిఫికేషన్: ఓకే అని రావాలి. -డేటా బదులు -క్వెరీఫైల్ అని .టీఎస్‌క్యూ ఇచ్చి కూడా సరిచూడొచ్చు, అప్పుడు నాన్స్ కూడా సరిపోల్చుతుంది. కానీ అది తేల్చేది ఈ జవాబు ఆ ప్రశ్నకే వచ్చిందా అన్నంతవరకే. మీ పీడీఎఫ్‌ని అది తాకను కూడా తాకదు. ఈలోగా పీడీఎఫ్ మారిపోయినా ఓకే అనేస్తుంది. రెండూ చెయ్యండి.

మెసేజ్ ఇంప్రింట్ మిస్‌మ్యాచ్ అని వస్తే ఫైలు మారిందన్నమాట. ఒక్క కామా మారినా 64 అక్షరాల హాష్ మొత్తం వేరే అవుతుంది. మనవాళ్లు దీన్ని తెలియకుండా చేసే పద్ధతులు చాలానే ఉన్నాయి. వాట్సాప్‌లో ఫొటోని ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. వర్డ్ ఫైలు తెరిచి ఊరికే సేవ్ కొట్టినా లోపలి బైట్లు మారతాయి. జిప్ మళ్లీ కడితే అదే సరుకుతో వేరే జిప్ అవుతుంది. కాబట్టి ముద్ర వేయించిన ఫైలుకి రీడ్-ఓన్లీ పెట్టి, దిద్దుబాట్లు కాపీ మీద చేసుకోండి. గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్ అంటూ తప్పు చూపిస్తే మీ పాటల తప్పేం లేదు, సర్టిఫికెట్ ఫైలు ఇవ్వలేదో, వేరే సర్వర్‌ది ఇచ్చారో చూసుకోండి.

ఒకే సర్వర్ మీద ఆధారపడకండి. డిజిసర్ట్, సెక్టిగో అనే సంస్థల టైమ్‌స్టాంప్ సర్వర్లు కూడా ఇదే ఒప్పందం పాటిస్తాయి, అదే .టీఎస్‌క్యూ వాటికీ పంపొచ్చు. అయితే ఒక్కో సర్వర్ జవాబుకీ దాని సర్టిఫికెట్టే కావాలి. ఆ చిరునామాలు కొన్ని హెచ్‌టీటీపీఎస్ కాకుండా ఉత్త హెచ్‌టీటీపీ అయినా భయం లేదు, జవాబు మీదే సంతకం ఉంది, దారిలో ఎవరు మార్చినా వెరిఫై దగ్గర దొరికిపోతారు. వరసగా వందల ఫైళ్లు మాత్రం వాళ్ల మీద కుమ్మరించకండి, ఉచితంగా ఇస్తున్నారు. ఫైళ్లు ఎక్కువుంటే ప్రతిదాని ఎస్‌హెచ్‌ఏ256 ఒక జాబితాగా రాసుకుని, ఆ జాబితా ఫైలుకి ఒక్క ముద్ర వేయిస్తే సరిపోతుంది.

ఈ ముద్ర ఏం చెప్పదో కూడా వినండి. "ఈ బైట్లు ఈ క్షణానికి ఉన్నాయి" అన్నదొక్కటే దాని సాక్ష్యం. మీరే రాశారని చెప్పదు. అందులో ఉన్నది నిజమని చెప్పదు. పాట మీదని అసలే చెప్పదు. అది ఛాతీకి తప్పెట కట్టుకుని ఆడిపాడే వాళ్లది. వాళ్ల పేర్లూ ఊళ్లూ అడిగి, వాళ్లు సరేనంటే పీడీఎఫ్‌లో రాసి, ఆ తర్వాతే ముద్ర వేయించండి.

కోర్టుదాకా వెళ్లే వ్యవహారమైతే దారి వేరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ రాయాలి. మన దేశంలో కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ లైసెన్సు ఉన్న సంస్థలు ఈ ముద్రలు ఇస్తాయి. ఉచిత సర్వర్ ముద్రకీ అంత బరువుంటుందనుకోవద్దు. పిల్లల పోటీకి మాత్రం ఇది ధారాళంగా చాలు.

చివరిగా దాచుకోవడం. పీడీఎఫ్, .టీఎస్‌క్యూ, .టీఎస్‌ఆర్, రెండు సర్టిఫికెట్లు, అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టి, ఆ ఫోల్డర్‌ని ఇంకో చోట కూడా ఉంచండి. సర్వర్ సర్టిఫికెట్‌కి గడువుంటుంది. అది దాటాక వెరిఫై చేస్తే ఎక్స్‌పైర్డ్ అంటుంది. అప్పుడు -అట్‌టైమ్ ఆప్షన్‌తో ముద్ర పడిన నాటి సమయాన్ని సెకన్ల లెక్కలో (1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు) ఇచ్చి అడగొచ్చు. అంతదాకా రానివ్వకుండా, గడువు ఇంకా ఉండగానే పీడీఎఫ్‌నీ పాత .టీఎస్‌ఆర్‌నీ కలిపి ఒక జిప్ కట్టి, దానికి కొత్త ముద్ర వేయించండి. పాత ముద్రని లోపల పెట్టడం మరిచిపోతే, కొత్త తేదీ నుంచే మీ లెక్క మొదలవుతుంది.

ఇట్లు
తాతయ్య