క్యాబేజీ పురుగు, గొర్రె తలలో బుడగ: ఒక పశువుల డాక్టరు చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను పశువుల డాక్టర్ని. పాలమూరు వైపు పల్లెల్లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. రోజంతా గొర్రెలకి నట్టల మందు, బర్రెలకి సూదులు, అంతే నా బతుకు. అయినా ఫోన్‌కి వచ్చే ప్రశ్నల్లో సగం మనుషుల గురించే ఉంటాయి. ఎవరి కంట్లోంచో పురుగు తీస్తున్న వీడియో పంపి "సార్, ఇది నిజమేనా, మా పిల్లలకీ వస్తదా" అని అడుగుతారు. చూసినవాళ్లకి రెండు రోజులు అన్నం సహించదు, మూడో రోజు మేకపోతుని కోసిన చేతులు ఊరికే నీళ్లలో ముంచి అవే చేతులతో ముద్ద కలుపుకుంటారు. అందుకే తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను, వరస గిరస ఏమీ లేదు.

అపోహ: క్యాబేజీ తింటే మెదడులోకి పురుగు పోతుంది

మా ఇంట్లోనే మా అత్తగారు క్యాబేజీ కూర మానేసి ఆరేళ్లయింది, నేను ఇంట్లో ఉండగానే. క్యాబేజీ ఆకుల మధ్య కనిపించే ఆకుపచ్చ పురుగు ఎక్కువగా డైమండ్ రెక్కల పురుగు పిల్ల. పంటకి శత్రువే, మన మెదడుతో దానికి ఏ సంబంధమూ లేదు. మెదడులో చేరేది పంది బద్దె పురుగు (టేప్‌వర్మ్) పిల్ల, అది గుడ్డు రూపంలో వస్తుంది. ఆ గుడ్డు ఎంత చిన్నదంటే ముప్పై గుడ్లు వరసగా పెడితే ఒక మిల్లీమీటరు అవుతుంది, కాబట్టి ఆకు విప్పి ఎంత వెతికినా కనబడదు.

అసలు కథ ఇదీ. పెద్ద బద్దె పురుగు ఉండేది మనిషి పేగులో, కొన్ని మీటర్ల పొడవు పెరుగుతుంది. దాని గుడ్లు మనిషి మలంతో బయటికి వస్తాయి. ఊరి చివర తిరిగే పంది ఆ మలం తింటే పురుగు పిల్లలు దాని కండల్లో జొన్న గింజంత నీటి బుడగలుగా కూర్చుంటాయి. ఆ మాంసాన్ని సగం ఉడికించి తిన్న మనిషి పేగులో మళ్లీ పెద్ద పురుగు తయారవుతుంది. గమనించండి, ఇక్కడిదాకా మెదడు ఊసే లేదు. పంది మాంసం తింటే పేగులో పురుగు వస్తుంది గానీ నేరుగా మెదడులో బుడగ రాదు. మెదడులో బుడగ వచ్చేది గుడ్లు మింగినప్పుడు, ఆ గుడ్లు వచ్చేది మనిషి మలం నుంచి, అంటే కడగని చేతుల నుంచి, ఆరుబయలు నుంచి, మురుగు పారిన పొలంలో పండి కడగకుండా పచ్చిగా తిన్న ఆకుకూర నుంచి. జన్మలో మాంసం ముట్టని వాళ్లకి కూడా ఈ జబ్బు వచ్చేది అందుకే. ఇంట్లో ఒకరి పేగులో పురుగు ఉంటే ఆ ఇంటి మిగతావాళ్లకి ప్రమాదం ఎక్కువ, వండిపెట్టేది ఆ పురుగున్న మనిషే అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి క్యాబేజీ పై ఆకులు తీసి, కడిగి, బాగా ఉడికించి హాయిగా తినండి.

ఇదేదో ఎక్కడో ఉండే జబ్బు కూడా కాదు. ఇది బాగా ఉన్న చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఈ పురుగే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. బుడగ బతికి ఉన్నన్నాళ్లూ మన శరీరం కన్నుగప్పి ఏళ్ల తరబడి ఊరికే ఉండగలదు, అది చావడం మొదలయ్యాక చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ మొదలవడం ఎక్కువ. అందుకే ఫిట్స్ వచ్చిన మనిషికి మెడికల్ షాపులో నట్టల మాత్రలు కొనిచ్చి మేలు చేశామనుకోకండి. ఆసుపత్రిలో స్కాన్ చూసి, వాపు పెరగకుండా స్టెరాయిడ్ కూడా ఇస్తూ పురుగు మందు వాడతారు.

పందుల వైపు నుంచి దీన్ని ఆపవచ్చు. ఆక్స్‌ఫెండజోల్ ఒక్క డోసు పంది కండలోని బుడగల్ని చంపుతుంది. పందికి వేసే టీకా కూడా ఉంది, మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తోంది. పందుల్ని పెంచేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు అంటే నేను మాట్లాడిన వాళ్లలో దాదాపు ఎవరికీ తెలియదు. తప్పు వాళ్లది కాదు, చెప్పాల్సిన మా వాళ్లది.

అపోహ: గుండ్రంగా తిరిగే గొర్రెకి గాలి సోకింది

నాకు అన్నిటికన్నా భయం వేసే పరాన్నజీవి ఇదే, ఎందుకంటే దీన్ని చేతులారా పెంచుకునేది మనమే. మంచి వయసు గొర్రె ఉన్నట్టుండి మంద విడిచి ఒక పక్కకి తల వాల్చి ఒకే చోట గిరగిరా తిరుగుతుంది, గోడకి తల ఆనించి నిలబడిపోతుంది, చూపు మందగిస్తుంది. కాపరి దానికి తాయెత్తు కట్టిస్తాడు, లేదంటే వాత పెడతాడు. లోపల ఉన్నది గాలి కాదు, నీళ్లు. కుక్క పేగులో ఉండే ఒక రకం బద్దె పురుగు గుడ్లు మేతతో పాటు గొర్రె కడుపులోకి పోయి, పిల్ల పురుగు మెదడు చేరి, నెలల పాటు పెరిగి నిమ్మకాయంత నీటి బుడగ అవుతుంది. బుడగ పైకి ఉంటే దాని మీది పుర్రె ఎముక మెత్తబడి వేలితో నొక్కితే తెలుస్తుంది. అలాంటప్పుడు ఎముకకి చిన్న రంధ్రం చేసి బుడగని బయటికి తీసేయవచ్చు. నేను మొదటిసారి తీసినప్పుడు, పల్చటి పొర లోపల గుత్తులు గుత్తులుగా తెల్లటి చుక్కలు కనిపించాయి. ఒక్కో చుక్క ఒక్కో బద్దె పురుగు తల. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

"ఇప్పుడు దీన్ని ఎక్కడ పారేస్తావు" అని కాపరిని అడిగితే పక్కనే తోక ఊపుతున్న కుక్కని చూపించాడు. కుక్కకి ఈ జబ్బు వచ్చేదే అలా, చచ్చిన గొర్రె తల వేయడం వల్ల. ఆ బుడగని నేనే కాల్చి వచ్చాను.

దీనికి దాయాది ఇంకొకటి ఉంది, అది మనిషిని పట్టుకుంటుంది. కుక్క పేగులో ఉన్నప్పుడు ఆ పురుగు అర సెంటీమీటరు ఉంటే ఎక్కువ, కానీ దాని గుడ్డు గొర్రెలోకో మనిషిలోకో పోతే కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి తిత్తి కడుతుంది. అది నెమ్మదిగా, ఏళ్ల మీద పెరుగుతుంది. చిన్నప్పుడు కుక్కతో ఆడుకున్న మనిషికి నలభయ్యో ఏట కడుపు స్కాన్‌లో కనబడటం అరుదేమీ కాదు. లోపలే పగిలితే ప్రాణం మీదికి రావచ్చు. కోసినచోట బుడగలున్న కార్జాన్ని "మనుషులకి పనికిరాదు లే" అని కుక్కకి విసిరేస్తాం చూడండి, తరవాతి కథంతా అక్కడే మొదలవుతుంది. పూడ్చేయండి, కాల్చేయండి, కుక్కకి మాత్రం వేయకండి. మంద కుక్కలకి సంవత్సరానికి నాలుగుసార్లైనా ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు ఇప్పించండి.

అపోహ: నట్టల మందంటే ఏదైనా ఒకటే

షాపువాడు ఇచ్చింది తాగించాం సార్, అయినా గొర్రె దవడ కింద నీరు దిగింది అంటారు. ఆ నీరు చాలాసార్లు కార్జపు జలగల వల్ల, చెరువు ఒడ్డు నత్తల నుంచి వచ్చే జబ్బు అది. అందరూ సర్వరోగనివారిణి అనుకునే ఐవర్‌మెక్టిన్ కార్జపు జలగ మీద పనిచేయదు, బద్దె పురుగు మీదా పనిచేయదు. మొన్నొకాయన బర్రెకి తెచ్చిన అదే ఇంజెక్షన్ మిగిలిందని పెంపుడు కుక్కకి పొడిచాడు. కోలీ లాంటి కొన్ని జాతుల కుక్కలకి ఆ మందు మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. ఆయనది ఊరకుక్క కాబట్టి బతికిపోయింది అనుకుంటున్నాను.

చిన్నవి కొన్ని

పిల్లలు నిద్రలో పళ్లు నూరితే పురుగులున్నట్టు కాదు. బెల్లం తింటే నులిపురుగులు పుట్టవు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మాత్రం, పళ్లు నూరినా నూరకపోయినా వేయించండి.

గర్భం రాగానే పిల్లిని గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలేయక్కర్లేదు. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భిణికి సంకటమే, కాదనను. కానీ అది అంటుకునే దశకి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, కాబట్టి పిల్లి మలాన్ని ఇంకెవరైనా రోజూ శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగా ఉడకని మాంసం, మట్టి పని చేసి కడగని చేతులు, అసలు భయం వాటితో.

అపోహ: బోదకాలు మురికి నీళ్లలో నడిస్తే వస్తుంది, తాకితే అంటుకుంటుంది

ఇది నా శాఖ కాదు గానీ వదలబుద్ధి కాలేదు. దోమ కాటుతో వచ్చే సన్నటి పురుగులివి. పిల్ల పురుగులు పగలు లోపల దాక్కుని రాత్రి పదింటి తరవాత రక్తంలోకి వస్తాయి, సరిగ్గా వాటిని మోసే దోమ కుట్టే వేళకి. అందుకే ఆరోగ్యశాఖ వాళ్లు అర్ధరాత్రి రక్తం తీస్తామంటూ తలుపు కొడతారు, వాళ్లని కసురుకోకండి. వాళ్లిచ్చే బోదకాలు మాత్రలు మింగాక కొందరికి జ్వరం, తల తిరగడం వస్తే "మందు వికటించింది" అంటారు, చాలావరకు అది ఒంట్లో పురుగులు చస్తున్న గుర్తు. ఆ మాత్రల్లోని డీఈసీ అనే మందు 1947లో బయటికొచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధక బృందం నుంచే. కుక్కల గుండెలో పురుగులు పడకుండా కూడా దాన్ని దశాబ్దాల పాటు వాడారు, అలా ఆయన నా శాఖకీ చుట్టమే.

అపోహ: మందు లేని పురుగుని ఏమీ చేయలేం

నారి కురుపు పేరు ఇప్పటి పిల్లలు విని ఉండరు. దిగుడు బావి నీళ్లలోని కంటికి ఆనని సన్న పురుగుల్ని నీళ్లతో పాటు మింగితే, ఏడాది తరవాత కాలి మీద పొక్కు లేచి మీటరు దాకా పొడవుండే దారం లాంటి పురుగు బయటికి వచ్చేది. రోజుకి ఇంత చొప్పున పుల్లకి చుట్టి లాగేవాళ్లు, తెగితే నరకం. మా నాన్న కాలి మడమ దగ్గర ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దానికి అప్పుడూ ఇప్పుడూ మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టి తాగడం, కురుపున్న కాలు బావిలో పెట్టనివ్వకపోవడం, బావుల్లో మందు చల్లడం, చేతిపంపులు వేయడం, వీటితోనే 1996లో రాజస్థాన్‌లో చివరి కేసుతో మన దేశంలో అయిపోయింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ప్రపంచమంతా కలిపి 2023లో 14 కేసులే వచ్చాయి.

ఇక పూర్తిగా పోయినట్టే అనుకుంటుంటే ఆఫ్రికాలోని చాద్‌లో కుక్కల్లో బయటపడింది. ఇప్పుడు అక్కడ పురుగు పొక్కు లేచిన కుక్కని నీళ్ల వైపు పోకుండా కట్టేసి ఉంచితే యజమానికి డబ్బులిస్తారు. ఇదే మాట ఆ గొర్రెల కాపరికి చెబితే కాసేపు ఆలోచించి "నాకాడ నాలుగు కుక్కలున్నయి సార్, ఎంతిస్తరట?" అన్నాడు.