కొంకర్లు పోయిన వేళ్ళు

చిన్నూ, బుజ్జీ,

లంబసింగి నుంచి ఫోన్ చేసి "తాతయ్యా, ఫ్రీజ్ అయిపోయాం" అన్నారు కదా. అప్పటి నుంచి నాకు ఒక దూరదేశపు మాట గుర్తొస్తోంది.

స్పెయిన్‌కి వాయవ్య మూలన, పోర్చుగల్‌కి సరిగ్గా పైన గలీషియా ఉంది. పక్కనే అట్లాంటిక్, ఎప్పుడు చూసినా వాన. అక్కడ స్పానిష్‌తో పాటు గలీషియన్ కూడా అధికార భాషే. సముద్రం ఆటుకి వెనక్కి తగ్గగానే ఆడవాళ్ళు రబ్బరు బూట్లు తొడుక్కుని, నడుం వంచి, దంతెలతో తడి ఇసుక గీకి గుల్లలు ఏరుతారు. క్రిస్మస్‌కి గిరాకీ ఎక్కువ, చలీ ఎక్కువే. ఆ నీళ్ళలో చేతులు నానితే ముందు నొప్పి, తర్వాత మంట, ఆపైన ఏమీ తెలీదు. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా వేళ్ళు మాట వినవు. మనం కొంకర్లు పోయాయంటాం. గలీషియన్‌లో అలా అవడాన్ని 'అతెరెథెర్' అంటారు, స్పానిష్‌లో 'అతెరీర్'.

ఒళ్ళు మహా పిసినారి లెండి. చలి తగలగానే చేతుల్లో రక్తనాళాల్ని సన్నం చేసి, వేడినంతా గుండె దగ్గర దాచుకుంటుంది. చల్లబడిన నరాలేమో కబురు మెల్లగా మోస్తాయి.

'అతెరెథెర్' చివర 'ఎథెర్' అనే తోక చూశారా? లాటిన్ నుంచి వచ్చింది. ఒక స్థితిలోకి మెల్లగా జారడం దాని అర్థం. రాత్రి పడడం 'అనోయ్‌తెథెర్'. మన 'మొద్దుబారు'లో 'బారు' చేసే పనే అది.

స్పానిష్ 'అతెరీర్' అయితే భలే చిత్రమైంది. పాత వ్యాకరణాల ప్రకారం, వర్తమానంలో దానికి 'మేము', 'మీరు' రూపాలే ఉన్నాయి. 'అతెరీమొస్' అంటే మేం కొంకర్లు పోతున్నాం. 'నేను' లేదు! నలుగురూ వణికితే చెప్పుకోవచ్చు, ఒంటరిగా వణికేవాడికి క్రియ కరువు. జనం మాత్రం 'అతెరీదొ', అంటే కొంకర్లు పోయినవాడు, అనేసి గండం గట్టెక్కుతారు. ఆడపిల్లయితే 'అతెరీదా'. గలీషియన్ క్రియకి ఈ తంటా లేదు. నేనూ, నువ్వూ, వాడూ అందరికీ రూపాలున్నాయి.

బుజ్జీ, ఈసారి వేళ్ళు అలా అయితే సలసల కాగే నీళ్ళలో పెట్టకు. స్పర్శ ఉండదు కాబట్టి కాలినా తెలీదు. చంకల్లో పెట్టుకో, లేదంటే గోరువెచ్చటి నీళ్ళు చాలు. గ్లవ్స్ కొనమని మీ నాన్నకి చెప్పాను. కొన్నాడో లేదో రాయండి.

మీ తాతయ్య