కథ చెప్పాక నీతి రాయించాలా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో తెలుగు చెప్పే మాస్టర్ని. పేరెంట్స్ మీటింగు పెడితే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "కథలు బాగానే చెప్తున్నారు సార్, చివర నీతి రాయించరేం?"

అపోహ: కథలోని విలువ చివరి వాక్యంలో ఉంటుంది.

పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. "నీతి: పక్షపాతం కూడదు" అని రాయిస్తే ఆ ఒక్క లైను బట్టీ పట్టి కథను వదిలేస్తారు.

వాస్తవం: పాత్ర ఇరకాటంలో పడ్డచోట విలువ ఉంటుంది. కథ అక్కడ ఆపాలి. యక్షప్రశ్నలే చూడండి. అరణ్యపర్వంలో నన్నయ వదిలిన భాగాన్ని పూర్తి చేసిన మన ఎర్రన చేతి మీదుగా ఈ ఘట్టం తెలుగులోకి వచ్చింది. ధర్మరాజు నలుగురు తమ్ముళ్లూ మడుగు ఒడ్డున పడి ఉన్నారు. ఒక్కరినే బతికిస్తానన్నాడు యక్షుడు. "మీరైతే ఎవర్ని అడుగుతారురా?" అంటాను. ఏడో తరగతి మొత్తం భీముడు, అర్జునుడు అని రెండు పార్టీలైపోతుంది. ముందు యుద్ధం ఉంది కదా! యక్షుడి అనుమానం కూడా అదే. ధర్మరాజు మాత్రం నకులుణ్ణి కోరాడు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు మిగలాలన్నాడు.

ఒకసారి వెనక బెంచీవాడు లేచి, "మాద్రి ఎప్పుడో చనిపోయింది కదా సార్, ఇంకెందుకు?" అన్నాడు. నేను నోరు విప్పేలోపే ఒక అమ్మాయి అందుకుంది: "ఆమె వచ్చి అడగలేదు కాబట్టేరా!"

ఇంట్లో కూడా ఇలాగే చేయండి. పిల్లలు తిక్క జవాబు చెప్పినా దిద్దకుండా, ఎందుకలా అనిపించిందో అడగండి.

"మావాడికి రావణుడంటే ఇష్టమంట సార్" అని ఒక తల్లి టెన్షన్ పడుతూ వచ్చింది. భయపడకమ్మా. పది తలలు, పుష్పక విమానం ఏ పిల్లాడికి నచ్చవు? సీతమ్మను ఎత్తుకెళ్లడం నచ్చిందని ఒక్కడూ నాతో అనలేదు.

'పిల్లలకు చెప్పకూడని కథలు' అని వాట్సాప్‌లో తిరిగే లిస్టుల్ని నమ్మకండి. వయసు చూసి చెప్పండి, చాలు. నిజంగా జరిగిందా అని అడిగితే కసరకండి. చరిత్ర వేరు, ఐతిహ్యం వేరు అని చెప్పినా కథకు వచ్చే లోటేం లేదు.

అపోహ: విలువలు రామాయణ భారతాల్లోనే ఉంటాయి.

వాస్తవం: మన పల్లె కథల్లోనూ ఉంటాయి. కాటమరాజు కథ మన నేలదే. కరవులో కాటమరాజు వెంట ఆవుల్ని తోలుకొచ్చిన గొల్లలు, పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) అడిగిన నెల్లూరి రాజు నల్లసిద్ధి, ఆయన పక్షాన పోరాడి ప్రాణం వదిలిన ఖడ్గతిక్కన. కథ చెప్పే గొల్లలకు కాటమరాజు వీరుడు, నెల్లూరోళ్లకు ఖడ్గతిక్కన. న్యాయం ఎవరిదని అడిగితే, ఎప్పుడూ నోరెత్తని గొర్రెల కాపరుల పిల్లలు పోట్లాడినట్టు మాట్లాడతారు. మేత దొరకని ఎండాకాలం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ సంగతీ అంతే. మొహర్రానికి పిల్లల్ని స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్తే, కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి ముక్కూమొహం తెలియనివాళ్లకు రొట్టె ఎందుకిస్తారో వాళ్లనే చెప్పనివ్వండి.